సూర్యాబాగ్ నుంచి వార్డు దాకా: విశాఖపట్నం న్యాయవాదులకు బహిరంగ లేఖ

విశాఖపట్నం న్యాయవాదులందరికీ,

నమస్కారం.

నేను న్యాయశాఖలో కాపీయిస్టుగా చేరి, బెంచి క్లర్కుగా చాలాకాలం కూర్చుని, సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. మీలో పెద్దవారు కొందరు నా బల్ల దగ్గర వాయిదా తేదీ రాసుకున్నవారే. అప్పట్లో జూనియర్లుగా కట్టలు మోసినవారు ఇప్పుడు సీనియర్లయి తమ జూనియర్ల చేత మోయిస్తున్నారు. ఆ పరిచయం ఇచ్చిన చనువుతోనే ఈ లేఖ రాస్తున్నాను. నేను అడగదలచుకున్నది ఒక్కటే. నగరపాలనలో సామాన్య పౌరుడికి చట్టం ఒక చోటు ఇచ్చింది. ఆ చోట కూర్చోవడానికి అతనికి మీ సాయం కావాలి. ఆ సాయం, తగాదా కేసుగా మారి సూర్యాబాగ్ కోర్టు మెట్లు ఎక్కకముందే, అతని వార్డులోనే అందాలి.

సోమవారం ఉదయం కలెక్టరు కార్యాలయం దగ్గర ఒక గంట నిలబడి చూడండి. మర్రిపాలెం నుంచి, పెదగంట్యాడ నుంచి, మధురవాడ కొండవాలు కాలనీల నుంచి వచ్చినవారు పాత రశీదులన్నీ ప్లాస్టిక్ కవర్లలో భద్రంగా పెట్టుకుని వరుసలో ఉంటారు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఈ కార్యక్రమానికి పేరు మారింది. ప్రజావాణి అన్నారు, స్పందన అన్నారు, తరువాత ప్రజా సమస్యల పరిష్కార వేదిక అన్నారు. అర్జీ భాష మాత్రం మారలేదు. 'తమరు మా యందు దయవుంచి మా వీధి కాలువ బాగు చేయించవలసిందిగా ప్రార్థన' అని ఉంటుంది. ఆ పని ఎవరు చేయాలి, ఏ చట్టం ప్రకారం చేయాలి, ఎప్పటిలోగా చేయాలి, చేయకపోతే అడిగినవాడు ఎక్కవలసిన తరువాతి మెట్టు ఏది అన్న నాలుగింటిలో ఒక్కటీ ఉండదు.

కోర్టులో మా ఫైలింగ్ సెక్షనుకు చెడ్డపేరు ఉండేది, ప్రతి కాగితానికీ ఏదో ఒక లోపం పట్టుకుని తిప్పి పంపుతామని. వ్యాజ్య కారణం రాయలేదనో, కోరుతున్న ఉపశమనం స్పష్టంగా లేదనో వెనక్కి ఇచ్చేవాళ్లం. మీరు విసుక్కుంటూనే సరిచేసి తెచ్చేవారు. అర్జీని ఎవరూ తిప్పి పంపరు. ఏం రాసినా తీసుకుంటారు, నంబరు వేస్తారు, కొన్నాళ్లకు 'సంబంధిత శాఖకు పంపడమైనది' అన్న ఒక్క వాక్యంతో అది ముగిసిపోవచ్చు. ఏం అడిగారో తేలని కాగితానికి ఏం జవాబిచ్చినా జవాబే అవుతుంది. లోపమున్న కాగితాన్ని తిప్పి పంపడంలో దాన్ని తెచ్చినవాడి పట్ల ఎంత మర్యాద ఉందో నాకు ఉద్యోగం వదిలాకే తెలిసింది.

మా కాలనీ పక్క నుంచి ఒక గెడ్డ పోతుంది. విశాఖలో పుట్టి పెరిగినవారికి గెడ్డ అంటే చెప్పనక్కరలేదు. కొండల మీద కురిసిన వాన సముద్రానికి చేరే దారి అది, దాన్ని మురుగు కాలువ చేసింది మనమే. రెండు గంటలు గట్టిగా వాన పడితే మా వీధిలో ఆరేడు ఇళ్లలోకి నీళ్లు వచ్చేవి. మేం నాలుగేళ్లు అర్జీలు పెట్టాం. ఒక కార్యాలయం గెడ్డ తమది కాదంది, మరో కార్యాలయం గట్టు తమది కాదంది. చివరికి మా వీధిలో అద్దెకు దిగిన ఒక జూనియర్ న్యాయవాది, ఎన్‌రోలై మూడేళ్లు కూడా నిండని అమ్మాయి, ఒక ఆదివారం మా కాగితాల కట్ట అడిగి తీసుకుని మా అరుగు మీదే కూర్చుని రెండు గంటలు చదివింది. చదివి, "బాబాయిగారూ, ఇన్ని కాగితాల్లో మీరు ఒక్క ప్రశ్న కూడా అడగలేదండీ" అంది.

మరునాడే పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి, సమాచార హక్కు చట్టం కింద మా చేత మూడు ప్రశ్నలు రాయించింది: ఆ గెడ్డ ఏ సర్వే నంబరులో, ఎవరి స్వాధీనంలో ఉంది; రక్షణ గోడకు ఎప్పుడైనా అంచనాలు తయారయ్యాయా; తయారైతే ఆ ఫైలు ఏ దశలో ఉంది. చట్టం ఇచ్చిన ముప్పై రోజుల గడువు ఇంకా మూడు రోజులుందనగా జవాబు వచ్చింది. గోడ పనికి అంచనా రెండేళ్ల కిందటే మంజూరై ఉంది, కాకపోతే మా వీధి పాత పేరుతో. మా అర్జీలన్నీ కొత్త పేరుతో వేరే ఫైలులో చేరుతూ వచ్చాయి. ఒకే గదిలో ఉన్న రెండు ఫైళ్లు నాలుగేళ్లలో ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు.

ఆ తరువాత ఆమె మమ్మల్ని శాశ్వత లోక్ అదాలత్‌కు తీసుకువెళ్లింది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టంలో 2002లో చేర్చిన అధ్యాయం ప్రకారం రవాణా, విద్యుత్తు, నీటి సరఫరా, ఆసుపత్రులతోపాటు పారిశుద్ధ్య వ్యవస్థ కూడా ప్రజోపయోగ సేవే. వివాదం ఏ కోర్టుకూ చేరకముందే, కోర్టు ఫీజు లేకుండా అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే ఆ వేదికే విచారించి తేల్చగలదు. ఇది మీకు తెలియనిదని చెప్పడం లేదు. ఈ సెక్షన్లున్న పుస్తకం ఏళ్ల తరబడి నా బల్ల మీదే ఉండేది. సొంత గెడ్డకు పనికొస్తుందన్న ఆలోచన నాకే రాలేదు. ఇక పూర్ణా మార్కెట్లో చేపలు అమ్ముకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరే మా ఎదురింటి ఆమెకు ఎలా వస్తుంది?

మా విషయంలో రాజీ కుదిరింది, పని ఎప్పటిలోగా చేస్తారో తేదీలతో సహా రాసి ఇచ్చారు. పని సగమే అయింది. ఎడమ గట్టున గోడ లేచింది. కుడి గట్టున ఆక్రమణల తగాదా ఉండడంతో అక్కడ ఆగింది, అది ఎప్పటికి తేలుతుందో చెప్పలేను. కాబట్టి ఇదేమీ గెలుపు కథ కాదు. నాలుగేళ్ల అర్జీలు కదపలేనిదాన్ని ఒక స్టాంపు, రెండు గంటల చదువు కదిపాయన్నంతవరకే నా సాక్ష్యం.

అయితే పౌరుడు ఫిర్యాదుదారుగా మాత్రమే నగరపాలనలో అడుగుపెట్టాలని చట్టం ఎన్నడూ అనుకోలేదు. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక పాలనను రాజ్యాంగంలోకి తెచ్చి, 12వ షెడ్యూలులో పట్టణ ప్రణాళిక మొదలుకొని మంచినీరు, పారిశుద్ధ్యం, మురికివాడల అభివృద్ధి, శ్మశానాలు, కబేళాల దాకా 18 అంశాలు చేర్చింది. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న చోట్ల వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణంలో రాసింది. తరువాత 2005 డిసెంబరులో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం కింద మన నగరానికి నిధులు వచ్చినప్పుడు, స్థానిక పాలనలో ప్రజల భాగస్వామ్యానికి చట్టం చేయాలన్నది రాష్ట్రాలు ఒప్పుకోవలసిన షరతుల్లో ఒకటి. ఆ ఒప్పందం ప్రకారమే మన మునిసిపల్ చట్టాల్లో వార్డు కమిటీ, దాని కింద ఆ ప్రాంతపు ఓటర్లంతా కూర్చునే ఏరియా సభ అన్న ఏర్పాట్లు చేరాయి. ఆ పథకంలో బస్సులకు ప్రత్యేక వరుసలతో వచ్చిన బీఆర్‌టీఎస్ రోడ్డు నగరంలో అందరికీ తెలుసు. దాని వెంట వచ్చిన షరతు ఎందరికి తెలుసు? ఈ లేఖ చదువుతున్న మీరు కూడా నగరంలోని 98 వార్డుల్లో ఏదో ఒకదానిలో ఓటరే. మీ ప్రాంతపు ఏరియా సభ చివరిసారి ఎప్పుడు కూర్చుందో చెప్పగలరా? నేను చెప్పలేను.

పల్లెలో గ్రామసభ ఉంది. అది సవ్యంగా జరిగినా మొక్కుబడిగా జరిగినా దానికొక పేరుంది, ముందుగా దండోరా ఉంది, తీర్మానాల పుస్తకం ఉంది, వద్దన్నవాడు వద్దన్నాడని రాయించుకునే వీలుంది. ఒడిశాలో నియమగిరి కొండల మీద 2013లో పన్నెండు గ్రామసభలు కూర్చుని బాక్సైటు తవ్వకం వద్దంటే ఆ మాట చెల్లింది. అపార్టుమెంట్లో మూడో అంతస్తులో ఉండే మనిషికి ఓటు వేసిన రోజు తరువాత మళ్లీ ఐదేళ్లకు గాని అలాంటి చోటు కనిపించదు. విశాఖలో అదీ లేకపోయిన కాలం ఉంది. 2012లో పాలకవర్గం గడువు ముగిసింది, మళ్లీ ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. నడుమ తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. గడువు తీరేలోగా ఎన్నిక పూర్తి కావాలని 243యు అధికరణం చెబుతున్నా, అది తప్పనిసరి అని 2006లో అహ్మదాబాద్ నగరపాలక సంస్థ ఎన్నికల కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసినా ఇలా జరిగింది. 2012లో పద్దెనిమిది నిండి ఓటు వచ్చిన కుర్రవాడు తన వార్డు ఎన్నిక చూసేసరికి ఇరవై ఏడేళ్లవాడయ్యాడు. కార్పొరేటరంటే ఎవరు, అతన్ని ఏం అడగవచ్చు అన్నది ఆ వయసువారికి అలవాటు కాకపోవడంలో వింత లేదు.

సమాచార హక్కు చట్టం 4వ సెక్షనులో రెండు చిన్న అంశాలున్నాయి. విధానాల రూపకల్పనలోను, అమలులోను ప్రజలను సంప్రదించడానికి ఉన్న ఏర్పాట్లేమిటో ప్రతి ప్రభుత్వ సంస్థా తనంతట తానే ప్రకటించాలని ఒకటి చెబుతుంది. దాని కింద ఉన్న కౌన్సిళ్లు, కమిటీల సమావేశాలకు ప్రజలు రావచ్చా, వాటి మినిట్స్, అంటే సమావేశంలో జరిగినదాని నమోదు, ప్రజలకు అందుబాటులో ఉంటాయా అన్నది కూడా ప్రకటించాలని రెండోది చెబుతుంది. ఈ రెండింటినీ పట్టుకుని ఒక్కో వార్డు నుంచి ఒక్కో ఓటరు, తన పేరుతో, తన చేతిరాతతో, 'మా వార్డు కమిటీ సభ్యులెవరు, చివరి సమావేశం ఏ తేదీన జరిగింది, ఆ మినిట్స్ నకలు ఇవ్వండి' అని 98 దరఖాస్తులు పెడితే అయ్యే ఖర్చు 980 రూపాయలు. ఆ జవాబులు ఒకచోట చేరిన రోజున ఈ నగరంలో స్థానిక పాలన ఎక్కడుందో వార్డుల వారీగా పటం గీయవచ్చు. జవాబు రాకపోతే మొదటి అప్పీలు, అదీ కాకపోతే సమాచార కమిషన్ ఉండనే ఉన్నాయి. దీనికి సీనియర్లు అక్కరలేదు, ఓపికున్న విద్యార్థులు చాలు.

కాగితం చదివి చెప్పేవాడు పక్కన ఉంటే ఏమీ లేనివాడు ఎంతదూరం వెళ్లగలడో మన జిల్లాకు పరాయి ఊరివాళ్లు వచ్చి చెప్పవలసిన పని లేదు. అనంతగిరి మండలంలో బొర్రా పరిసరాల గిరిజన గ్రామాల్లో గనులకు లీజులు ఇచ్చినప్పుడు, సమత అనే స్వచ్ఛంద సంస్థ హైకోర్టులో ఓడిపోయి, సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1997 జూలైలో నెగ్గింది. 1959 నాటి భూబదలాయింపు నియంత్రణ చట్టంలోని 'వ్యక్తి' అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని, కాబట్టి షెడ్యూల్డు ప్రాంతంలో సర్కారు భూమినైనా గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని జస్టిస్ కె. రామస్వామి తదితరుల ధర్మాసనం 2–1 మెజారిటీతో తేల్చింది. ఆ గ్రామాలు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి, అప్పుడు విశాఖ జిల్లాలోవే. న్యాయ విద్యార్థులు దాన్ని తీర్పుగా చదువుతారు. నాకు మాత్రం ఆ తీర్పు కన్నా ముందరి రోజులే గుర్తుకొస్తుంటాయి. ఆ లీజు కాగితాల్లో ఏముందో, అది ఏ చట్టానికి తగులుతుందో ఎవరో ఒకరు ఊళ్లో కూర్చుని విడమరచి చెప్పిన రోజు ఒకటి ఉండి ఉండాలి. ఆ రోజుకు తీర్పుల పుస్తకాల్లో సైటేషన్, అంటే వెతికి చూపే నంబరు, ఉండదు.

నగరం సంగతికి వస్తే రత్లాం కేసు ఉంది. మధ్యప్రదేశ్‌లోని ఆ పట్టణంలో ఒక వార్డువాళ్లు, మురుగు కాల్వలు లేక, మరుగుదొడ్లు లేక, కంపు భరించలేక సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లారు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షను కింద ఆయన కాల్వలు కట్టమని ఆదేశించారు. మా దగ్గర డబ్బు లేదని మునిసిపాలిటీ సుప్రీంకోర్టు దాకా పోరాడింది. ప్రజారోగ్యం కాపాడే చట్టబద్ధ బాధ్యతకు నిధుల కొరత సాకు కాజాలదని 1980లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన తీర్పు మీకు నాకన్నా బాగా తెలుసు. నేను గుర్తుచేసేది ఒక్క వివరం: ఆ కథ హైకోర్టులో వేసే రిట్ పిటిషనుతో మొదలవలేదు, ఊళ్లోనే ఉన్న మేజిస్ట్రేటు దగ్గర మొదలైంది. ఆ 133వ సెక్షనే 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షనుగా ఉంది. హైకోర్టు మనకు 350 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. రైలు ఛార్జీలు, బస, సీనియరు ఫీజు అన్నీ లెక్కవేస్తే వీధి కాలువ కోసం అమరావతి వెళ్లగల వీధులు ఎన్నో ఉండవు. మన దగ్గర ఆ సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు ఆర్డీవోయే, ఆయన కార్యాలయానికి మాత్రం సిటీ బస్సులో వెళ్లవచ్చు. ఇద్దరు పౌరులు కలిస్తే, తమకు ప్రత్యేకంగా నష్టం జరగకపోయినా, కోర్టు అనుమతితో ప్రజాబాధపై (పబ్లిక్ న్యూసెన్స్) సివిల్ దావా వేసే వీలు సివిల్ ప్రొసీజర్ కోడ్ 91వ సెక్షనులో ఉంది. నా సర్వీసులో ఆ సెక్షను కింద వచ్చిన దావాలను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఇంతకంటే నన్ను బాధించేది మరొకటుంది. ప్రభుత్వం తానే పిలిచి 'మీ అభ్యంతరాలు చెప్పండి' అన్నప్పుడు కూడా మనం చెప్పలేకపోతున్నాం. 2021లో ఆస్తిపన్నును అద్దె విలువ నుంచి మూలధన విలువకు మార్చే ప్రతిపాదన మీద అభ్యంతరాలు కోరినప్పుడు మా కాలనీ నుంచి అరవై మంది సంతకాలతో ఒకే కాగితం వెళ్లింది, 'పన్ను పెంచవద్దు' అని. అందులో కట్టడం వయసు గురించి లేదు, మా వీధి విలువ జోను గురించి లేదు, ఖాళీ స్థలం లెక్క గురించి లేదు. అరవై మంది అరవై కారణాలు రాసి ఉంటే ఒక్కోదానికి ఒక్కో జవాబు చెప్పవలసి వచ్చేది. మేం అరవై సంతకాలు పెట్టి ఒక్క అభ్యంతరం అయిపోయాం. 2041 నాటికి నగరం ఎలా ఉండాలో చెప్పే బృహత్ ప్రణాళిక ముసాయిదా మీద అభిప్రాయాలు అడిగినప్పుడూ ఇంతే. పటంలో రంగులు చూసి మా ఇల్లు రోడ్డులో పోతుందా అని భయపడినవారే ఎక్కువ, ఆ రంగు ఏమిటో చదివి, సర్వే నంబరు వేసి, మార్పు కోరినవారు తక్కువ.

పర్యావరణ అనుమతుల కోసం జరిపే ప్రజాభిప్రాయ సేకరణ కూడా అలాంటిదే. 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషను ప్రకారం సభకు కనీసం ముప్పై రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, ముసాయిదా నివేదికను జనం వచ్చి చూసుకునేలా నిర్ణీత కార్యాలయాల్లో ఉంచాలి, సభను మొత్తం వీడియో తీయాలి, చివర్లో ఎవరేమన్నారో దాని సారాంశాన్ని స్థానిక భాషలో అక్కడే చదివి వినిపించాలి. కొన్నేళ్ల కిందట ఈ చుట్టుపక్కలే ఒక పరిశ్రమ విస్తరణ సభకు నేను వెళ్లాను. షామియానా, పోలీసులు, నినాదాలు, ఉద్యోగాలు కావాలనేవారు ఒక పక్క, వద్దనేవారు ఒక పక్క. రెండు పక్షాలవారూ గొంతు చించుకున్నారు. సభ ముగిశాక 'ఇప్పుడు మినిట్స్ చదవండి' అని అడిగే మనిషి ఒక్కడు కూడా ఆ షామియానా కింద లేడు. నేనూ అడగలేదు, ఆ నియమం నాకు తరువాత తెలిసింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరిన్ అనే విషరసాయనపు ఆవిరి ఇళ్లలోకి వచ్చిన నగరం మనది. ప్రహరీ అవతల ఏం నిల్వ ఉందో, ప్రమాదం జరిగితే సైరను ఎవరు మోగిస్తారో అధికారుల ఎదుట అడిగి రికార్డులో ఎక్కించుకోవడానికి పక్క ఊరివాడికి ఉన్న కొద్ది అవకాశాల్లో ఆ సభ ఒకటి. ఆ సభలో మీరొకరు, ఎవరి తరఫునా వకాల్తా లేకుండా, వెనక వరుసలో కూర్చుని ఉంటే చాలు.

వీధి వ్యాపారుల గురించి ఒక్క మాట. 2014 చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారులు తమలో తాము ఎన్నుకున్నవారై ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. ఖాళీ చేయించాలన్నా ముప్పై రోజుల నోటీసు ఉండాలి. బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆమె తనకు ఒక ఎన్నికలో ఓటు ఉందని తెలిస్తే, బండి తీసుకుపోతారేమోనని ప్రతి సాయంత్రం అటూ ఇటూ చూసే చూపు కొంచెమైనా మారదా?

ఇక నేను కోరేది. నెలకొక ఆదివారం, ఒక్కో వార్డులో ఒక న్యాయవాది మూడు గంటలు కూర్చోవాలి. 2019 నుంచి వార్డు సచివాలయాలు ఉన్నాయి, ప్రణాళికకు, పారిశుద్ధ్యానికి, సౌకర్యాలకు వేర్వేరు కార్యదర్శులున్నారు. ఏ ప్రశ్న ఎవరికి వేయాలో అక్కడే తేలుతుంది. కాని కూర్చునేది సచివాలయంలో కాకుండా బయట, కమ్యూనిటీ హాలులోనో గుడి మండపంలోనో బడి వరండాలోనో అయితే మంచిదని నా అభిప్రాయం. అధికారి మీద రాసే కాగితాన్ని అధికారి గదిలో రాయాలంటే మనిషి జంకుతాడు. వచ్చినవారి చేత కాగితం తెలుగులో రాయించాలి. మీ చేతిరాత, మీ లెటర్‌హెడ్ అక్కరలేదు. ప్రశ్న ఎక్కడుందో చూపించండి, గడువు ఎప్పుడు తీరుతుందో క్యాలెండరు మీద గుర్తు పెట్టించండి, రశీదు తీసుకోమని చెప్పండి. పని జరుగుతున్న చోటికి వెళ్లి తనిఖీ చేసే హక్కు, వాడుతున్న సిమెంటు, కంకర నమూనాలు ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా సమాచార హక్కులో భాగమేనని చెబితే మా వీధి మేస్త్రీలు కొందరు మీ కన్నా బాగా వాడుకుంటారు.

మీకు ఉన్న ఇబ్బందులు నాకు తెలియనివి కావు. పని కోసం జనాన్ని ఆశ్రయించకూడదన్న బార్ కౌన్సిల్ 36వ నియమాన్ని మొట్టమొదట ఎవరో ఒకరు ఎత్తి చూపుతారు, అది న్యాయమైన ప్రశ్నే. అందుకే ఈ పనిని జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా, దాని ప్యానెల్ న్యాయవాదులు, పారా లీగల్ వాలంటీర్లతో కలిపి నడపాలి. పేదవాడికి ఉచితంగా సాయపడడం న్యాయవాది సమాజానికి తీర్చవలసిన బాధ్యతల్లో అత్యున్నతమైన వాటిలో ఒకటని చెప్పే 46వ నియమం కూడా అదే పుస్తకంలో ఉంది. ఆ ఆదివారపు బల్ల దగ్గరికి వచ్చిన విషయం రేపు కేసుగా మారితే, ఆ బల్ల దగ్గర కూర్చున్నవారు దానికి వకాల్తా వేయకూడదని నేను ఒక షరతు పెడతాను. ఇది ఇద్దరు ముగ్గురు జూనియర్లతో అన్నాను. 'మేం బతకాలి కదండీ' అన్నారు. వాళ్లు అన్నదాంట్లో నిజముంది. అయినా ఆ షరతు లేకపోతే ఆరు నెలల్లో ఆ బల్ల క్లయింట్లను వెతుక్కునే బల్ల అయిపోతుందని నా భయం. దానికి బదులుగా సీనియర్లు ఆ ఆదివారం వెళ్లిన జూనియరుకు సోమవారం ఉదయం సెలవివ్వండి, ఇచ్చే స్టైపెండులో కోత పెట్టకండి. నగరపాలక సంస్థ తరఫున స్టాండింగ్ కౌన్సిళ్లుగా ఉన్నవారిని ఎవరూ అడగరు. పార్టీ కండువా ఉన్నవారు దాన్ని ఇంట్లో పెట్టి రావాలి. ఉండదని కాదు, కనిపించకూడదని.

న్యాయ కళాశాలలకు కూడా ఇందులో వాటా ఉంది. ఆంధ్రా యూనివర్సిటీ అంబేడ్కర్ న్యాయ కళాశాల నగరం నడిబొడ్డున ఉంది, దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం సబ్బవరంలో ఉంది. లీగల్ ఎయిడ్ క్లినిక్ పేరుతో ఏటా ఒక శిబిరం పెట్టి, ఫొటో తీసుకుని, రిపోర్టు రాసే బదులు ఒక విద్యార్థికి ఒక వార్డు ఇచ్చి, చదువు పూర్తయ్యేదాకా అదే వార్డు చూడమనండి. మొదటి ఏడాది వీధుల పేర్లు తెలుస్తాయి. మా గెడ్డ కథ విన్నవారికి వీధి పేరు ఎంత పనిచేస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం కోరతాను. మీరు బాగా మాట్లాడతారు, అది మీ వృత్తి. వార్డు సభలోనో, ప్రజాభిప్రాయ సేకరణలోనో, శాశ్వత లోక్ అదాలత్‌లోనో మైకు సమస్య చెప్పుకోవడానికి వచ్చిన మనిషి చేతిలోంచి మీ చేతిలోకి రానివ్వకండి. మా గెడ్డ విచారణ రోజున ఆ జూనియర్ అమ్మాయి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మా ఎదురింటి ఆమె, నీళ్లు మంచం కోళ్లకు ఎంతదాకా వచ్చాయో చెయ్యి పెట్టి చూపించింది. అధికారి ఆ చేతినే చూశారు, మా నాలుగేళ్ల ఫైలును చూడలేదు.

మా కాలనీ కమ్యూనిటీ హాలు తాళం నా దగ్గరే ఉంటుంది. వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం పది గంటల నుంచి ఒంటిగంట దాకా తెరిచి ఉంచుతాను. ఒక బల్ల, ఆరు కుర్చీలు, తెల్లకాగితాలు, పది రూపాయల స్టాంపులు, పాత అలవాటు కొద్దీ కార్బన్ పేపర్లు సిద్ధంగా ఉంటాయి. మొదటి కాగితం అప్పుడే వచ్చింది. రెండు నెలలుగా నీళ్లు రాని కుళాయికి బిల్లు వచ్చిందని మా వెనక వీధి పాలవాడు ఇచ్చి వెళ్లాడు. అందులో ప్రశ్న ఎక్కడుందో నేను ఇంకా వెతుకుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత న్యాయశాఖ ఉద్యోగి,
విశాఖపట్నం